పొగగొట్టం వెంట నీటి ధార తగ్గితే: పడవ ఇంజన్‌ను వరుసగా పరీక్షించే విధానం

పడవ ఇంజన్ వేడెక్కుతోందన్న సంగతిని మీటరు ముల్లు కంటే ముందు పడవ వెనుక పొగతో కలిసి పడే నీరే చెబుతుంది. ధార సన్నబడటం, తెరలు తెరలుగా ఆగి ఆగి పడటం, నీటికి బదులు ఆవిరి రావడం అన్నవి ముల్లు ఎర్రగీత వైపు కదలడానికి కొన్ని నిమిషాల ముందు, కొన్నిసార్లు కొన్ని రోజుల ముందు కూడా కనిపిస్తాయి. ఈ సూచనను గుర్తించిన తరువాత చేతికి దొరికిన భాగాన్నల్లా విప్పడం కంటే, నీరు పడవ అడుగున ప్రవేశించే చోటు నుంచి పొగగొట్టం చివర బయటపడే చోటు దాకా అది నడిచే దారినే మీరూ నడిచి, ఒక్కొక్క మజిలీ దగ్గర ఆగి చూడటం మంచిది. ఈ వరుస తప్పితే చాలా డబ్బు ఖర్చవుతుంది, అసలు లోపం మాత్రం అలాగే ఉండిపోతుంది.

ముందుగా మీ పడవలో ఏ ఏర్పాటు ఉందో తెలుసుకోవాలి. ఒక రకంలో, పడవ అడుగు రంధ్రం గుండా బయటి నీటిని ఒక పంపు లోపలికి లాగి, హీట్ ఎక్స్‌ఛేంజర్ గొట్టాల గుండా నడిపిస్తుంది. ఆ గొట్టాల చుట్టూ తిరిగే ఇంజన్ లోపలి నీరు తన వేడిని ఈ బయటి నీటికి ఇచ్చేస్తుంది. పని ముగించుకున్న బయటి నీరు ఎగ్జాస్ట్ మోచేతి గొట్టంలో పొగతో కలిసి, దానిని చల్లబరిచి, రబ్బరు హోసు గుండా వెనుకకు పోతుంది. దీన్ని తడి ఎగ్జాస్ట్ అంటారు. రెండో రకంలో ఇంజన్ లోపలి నీరే పడవ అడుగున నీటిలో మునిగి ఉండే గొట్టాలలోకి వెళ్లి, చల్లబడి తిరిగి వస్తుంది. బయటి నీరు పడవలోకి రాదు, పొగ పొడిగానే పైకి పోతుంది. బయటి నీటినే నేరుగా ఇంజన్ గోడలలోకి పంపే పాత ఇంజన్లు కూడా ఉన్నాయి. ఈ వ్యాసంలో ఎక్కువ భాగం తడి ఎగ్జాస్ట్ గురించే ఉంటుంది. అడుగు గొట్టాల పడవల గురించి చివరి వైపున విడిగా చెప్పాను. గాలితో చల్లబడే చిన్న ఇంజన్లకు ఇందులోని మాటలు చాలావరకు వర్తించవు.

మంచి రోజున కొలిచి పెట్టుకోవలసినవి

ధార తగ్గిందని చెప్పాలంటే అది ఎంత ఉండేదో తెలియాలి. ఇంజన్ ఆరోగ్యంగా ఉన్న రోజున రేవు దగ్గర పడవ కట్టి ఉండగా, ఇంజన్ బాగా వేడెక్కిన తరువాత, పొగగొట్టం చివర పది లీటర్ల బకెట్ పట్టి అది ఎన్ని సెకన్లలో నిండిందో గడియారంతో చూసి రాసుకోండి. ఐడిల్ వేగంలో ఒకసారి, దానికంటే కాస్త ఎక్కువైన ఒక స్థిరమైన వేగంలో ఇంకొకసారి కొలిచి, ఇంజన్ నిమిషానికి తిరిగే చుట్ల సంఖ్యనూ, మీటరులోని ఉష్ణోగ్రతనూ, ఆ రోజు తేదీనీ పక్కన రాయండి. వేరొకరి పడవ లెక్క మీకు పనికిరాదు, ఎందుకంటే పంపు పరిమాణాన్ని బట్టి, పైపు పొడవును బట్టి ఈ సంఖ్య మారిపోతుంది. మీ పడవ నిన్నటి లెక్కతో నేటి లెక్కను పోల్చడమే మీకు అవసరం. పొగ వాసన పీల్చకుండా గాలి వచ్చే పక్కన నిలబడి ఈ పని చేయండి.

లోపలి నీటితో చల్లబడే డీజిల్ ఇంజన్లు చాలావరకు 75 నుంచి 90 డిగ్రీల సెల్సియస్ మధ్య నడుస్తాయి. బయటి నీటితో నేరుగా చల్లబడేవి అంతకంటే తక్కువ వేడిలో, సుమారు 60 డిగ్రీల దగ్గర నడిచేలా తయారవుతాయి, ఎందుకంటే ఆ పైన ఉప్పునీటిలోని లవణాలు గోడలకు గట్టిగా పేరుకోవడం మొదలవుతుంది. మీ ఇంజన్ పుస్తకంలో రాసిన హద్దే మీకు ప్రమాణం.

మన పాయలలో నీటి తీరు

ధవళేశ్వరం దాటాక గోదావరి గౌతమి, వసిష్ఠలుగా చీలి, వసిష్ఠ నుంచి వైనతేయ విడివడి, యానాం దిగువన, ఓడలరేవు దగ్గర, అంతర్వేది దగ్గర సముద్రంలో కలిసే ఈ ప్రాంతంలో నీరు ఏడాది పొడవునా ఒకేలా ఉండదు. జులై నుంచి సెప్టెంబరు వరకు వరద ఎర్రనీరు ఒండ్రుతోనూ ఇసుకతోనూ వస్తుంది. ఆ సన్నని ఒండ్రును ఏ జల్లెడా ఆపలేదు. అది హీట్ ఎక్స్‌ఛేంజర్‌లో కింది వరుస గొట్టాలలో కూర్చుంటుంది, ఇసుక పంపు లోపలి పలకను గీస్తుంది. వరదతో పాటే గుర్రపుడెక్క, అరటి బోదెలు, ప్లాస్టిక్ కవర్లు కొట్టుకొస్తాయి. వేసవిలో బ్యారేజీ దిగువన నదీ ప్రవాహం సన్నబడినప్పుడు పోటుతో ఉప్పునీరు పాయల వెంట చాలా దూరం పైకి వస్తుంది. అందువల్ల సముద్రం ముఖమే చూడని పంటు కూడా ఏడాదిలో కొన్ని నెలలు ఉప్పునీటిలోనే పనిచేస్తున్నట్టు లెక్క. కోరంగి మడ అడవుల కాలవలలో అయితే ఆకులూ, బురదా, గుల్లలూ కలిసి ఒకేచోట దాడి చేస్తాయి.

ఇంకొక సంగతి. ఆటు సమయంలో నీరు తగ్గి పడవ బురద మీద కూర్చున్న చోట ఇంజన్ స్టార్ట్ చేస్తే, పంపు మొదట లాగేది నీటిని కాదు, బురదను. పోటు వచ్చి పడవ తేలాక, అడుగు రంధ్రానికీ నేలకూ మధ్య కనీసం రెండు మూరల నీరు ఉందని చూసుకున్నాకే స్టార్ట్ చేయండి. ఆలస్యమవుతుందని తొందరపడిన చాలామంది అదే వారంలో ఇంపెల్లర్‌ను, అంటే పంపులో తిరిగే రబ్బరు రెక్కల చక్రాన్ని, మార్చుకోవడం నేను చూశాను.

ధార ఆగిన మొదటి ఐదు నిమిషాలు

నడిచే పడవలో ధార ఒక్కసారిగా ఆగినా, వేడి హెచ్చరిక మోగినా ముందు పడవ ఎక్కడుందో చూడండి. నది సముద్రంలో కలిసే మొగ దగ్గర అలలు విరిగే చోట ఇంజన్ ఆపడం వేడి ఇంజన్ కంటే పెద్ద ప్రమాదం కావచ్చు. వేగం తగ్గించి, వీలైనంత త్వరగా అలల అంచు దాటి, లంగరు వేసే లోతుకు చేరుకోండి. ధార సన్నగానైనా పడుతుంటే గేరు న్యూట్రల్‌లో పెట్టి కొన్ని నిమిషాలు ఐడిల్‌లో నడపవచ్చు, అలా చేస్తే లోపలి వేడి నెమ్మదిగా దిగుతుంది. అలల అంచు దాటాక నీరు ఏమాత్రం రాకపోతే మాత్రం వెంటనే ఆపేయాలి, ఎందుకంటే నీరు లేని పొగ రబ్బరు హోసును కాల్చి, పడవ లోపల నిప్పుకు దారి తీస్తుంది.

ఇంజన్ వేడిగా ఉండగా లోపలి నీటి మూత ఎట్టి పరిస్థితిలోనూ తిప్పవద్దు. మూత కింద ఒత్తిడిలో ఉన్న నీరు ఒక్కసారిగా మరిగి ముఖం మీదికి చిమ్ముతుంది. చేతితో తాకగలిగేంత చల్లబడే దాకా, గంట పట్టినా సరే ఆగండి. వేడి ఇంజన్ మీద చల్లటి నది నీళ్లు గుమ్మరించడం, ఖాళీ అయిన ట్యాంకులో ఒక్కసారిగా చల్లటి నీళ్లు పోయడం హెడ్డును, అంటే సిలిండర్ల మీది లోహపు మూతను, పగలగొట్టే పనులు. ఇక్కడ ఒక హెచ్చరిక అవసరం. లోపలి నీరు బాగా తగ్గిపోయినప్పుడు ఉష్ణోగ్రత సెన్సర్ నీటిలో మునగక గాలిలో వేలాడుతుంది, అప్పుడు ముల్లు పెరగడానికి బదులు కిందికి పడిపోవచ్చు. ఇంజన్ చప్పుడు మారి, వేడి రంగు వాసన వస్తూ, ముల్లు మాత్రం చల్లగా ఉందని చెబుతుంటే ముల్లును నమ్మకండి.

మొదటి మజిలీ: అడుగు రంధ్రం, వాల్వు, జల్లెడ

ఇంజన్ ఆపి, అడుగు వాల్వు మూసి, జల్లెడ మూత విప్పండి. బుట్టలో ఆకులు, నాచు, వల దారాలు ఉంటే కడిగేయండి. ఎక్కువసార్లు ఇక్కడితోనే పని పూర్తవుతుంది. కానీ బుట్ట శుభ్రంగా కనబడితే లోపం ఇక్కడ లేదని తేల్చేయవద్దు. జల్లెడ నీటి మట్టానికి దిగువన అమర్చి ఉన్న పడవలో, బుట్ట తీసి, మూత తెరిచే ఉంచి, అడుగు వాల్వును కొద్దిగా తెరిస్తే నీరు తనంతట తాను బుగ్గలా పైకి పొంగాలి. పొంగకుండా నీరసంగా ఊరితే వాల్వులోనో, బయటి రంధ్రం దగ్గరో అడ్డు ఉన్నట్టే. నీరు పొంగేటప్పుడు వాల్వు మీద చేయి తీయకండి, చూడగానే మూసేయండి.

అడ్డు తీయడానికి జల్లెడ వైపు నుంచి పైపులోకి చేతి పంపుతో గాలి కొడితే కవరో, ఆకుల ముద్దో వెనక్కి తన్నుకుపోతుంది. గుల్లలు పెరిగిపోయి ఉంటే గాలికి పోవు, నీటిలో దిగి గీకాలి. అటువంటప్పుడు ఇంజన్ కీ దిగేవారి చేతికే ఇచ్చి పంపండి.

రంధ్రానికి కవరు అంటుకున్నప్పుడు ఒక వింత కనిపిస్తుంది. ఇంజన్ ఆపగానే లాగే బలం పోయి కవరు ఊడి కిందికి జారుతుంది. మళ్లీ స్టార్ట్ చేస్తే ధార నిండుగా వస్తుంది, అయిదారు నిమిషాలకు కవరు మళ్లీ అంటుకుని ధార పడిపోతుంది. స్టార్ట్ చేసిన వెంటనే బాగుండి కాసేపటికి తగ్గే లోపం చూస్తే మొదట దీన్నే అనుమానించండి.

రెండో మజిలీ: గాలి దూరే చోట్లు

పంపుకు ముందున్న పైపులన్నీ లాగుడులో ఉంటాయి కాబట్టి, వాటిలో ఎక్కడ సందు ఉన్నా నీరు బయటికి కారదు, గాలి లోపలికి దూరుతుంది. అందుకే కారుడు కనబడలేదని ఈ భాగం బాగుందని అనుకోకూడదు. జల్లెడ మూత గాజుదైతే ఇంజన్ నడుస్తుండగా లోపల బుడగలు వస్తున్నాయేమో చూడండి. మూత రబ్బరు రింగు ఎండి పగిలి ఉంటే మార్చండి, దొరికేదాకా రింగుకు సిలికాన్ గ్రీజు పూసి బిగించి పని గడుపుకోవచ్చు. ప్రతి క్లిప్పునూ బిగించి చూడండి.

ఐడిల్‌లో ధార నిండుగా ఉండి వేగం పెంచగానే సన్నబడితే, ఇంజన్ గదిలో ఒకరు నిలబడి పంపుకు ముందున్న హోసును గమనించాలి. లోపల తీగచుట్టు లేని మెత్తటి హోసు, వేగం పెరిగినప్పుడు లాగుడుకు అరటి దొప్పలా అణిగిపోతుంది. తీగచుట్టు ఉన్న సముద్రపు హోసే ఇక్కడ వాడాలి. పొలం మోటారుకు వాడే పలుచటి పైపు ఎంత చవకైనా ఈ చోటికి పనికిరాదు.

మూడో మజిలీ: పంపు

ఎక్కువ ఇంజన్లలో ఈ పంపులో రబ్బరు రెక్కల ఇంపెల్లర్ ఉంటుంది. అది తడిగా ఉన్నంతసేపే బతుకుతుంది. నీరు లేకుండా నిమిషం, రెండు నిమిషాలు తిరిగినా రెక్కలు కాలి విరుగుతాయి. వాల్వు మూసి, పంపు మూత మరలు విప్పి, ఇంపెల్లర్‌ను బయటికి తీయండి. రెక్కల మొదళ్ల దగ్గర వేలితో వంచి చూస్తే జుట్టు వెంట్రుకంత పగుళ్లు కనిపిస్తాయి. చివరలు నున్నగా మెరుస్తుంటే అరిగినట్టు, ఒకవైపే వంగి తిరిగి నిటారు కాకుంటే ముసలిదైపోయినట్టు. చూడటానికి రెక్కలన్నీ బాగానే ఉండి నీరు రాకపోతే, మధ్యలోని ఇత్తడి బొడ్డును ఒక చేత్తో, రబ్బరును ఇంకో చేత్తో పట్టి గట్టిగా తిప్పి చూడండి. రబ్బరు బొడ్డు నుంచి ఊడి జారుతుంటే, ఇరుసు తిరుగుతున్నా రెక్కలు ఆగిపోయి ఉంటాయి. ఈ లోపాన్ని పట్టుకోలేక పంపు మొత్తం మార్చినవారు ఉన్నారు.

మూత లోపలి వైపు గోటితో తడిమి చూడండి. వరద ఇసుక గీసిన వలయపు గాట్లు గోటికి తగిలితే ఆ గాట్ల గుండా నీరు పంపులోనే వెనక్కి జారుతుంది, కొత్త ఇంపెల్లర్ వేసినా ధార పూర్తిగా రాదు. చాలా పంపుల మూతను తిప్పి, రాత లేని నున్నటి వైపు లోపలికి వచ్చేలా బిగించవచ్చు. రెండు వైపులా గీసుకుపోతే కొత్తది వేయాలి. పంపు శరీరం కింద ఇంజన్ వైపు ఉండే చిన్న కన్నం నుంచి నీరో, నూనెనో చుక్కలుగా కారుతుంటే లోపలి సీలు పోయింది. ఆ కన్నాన్ని ఎమ్‌సీల్ పెట్టి మూయడం ఘోరమైన తప్పు. అది మూసుకుపోతే ఉప్పునీరు ఇంజన్ నూనెలోకి పోయే దారి వెతుక్కుంటుంది.

ఇప్పుడు నేను అన్నిటికంటే నొక్కి చెప్పదలచిన మాట. రెక్కలు విరిగి ఉంటే, విరిగిన ముక్కలన్నీ దొరికేదాకా పని పూర్తి కాలేదు. మాకు తెలిసిన ఒక పడవకు ఒకే వేటకాలంలో మూడుసార్లు ఇంపెల్లర్ మార్చారు, మార్చిన ప్రతిసారీ ధార కాస్త పెరిగి, ఇంజన్ మాత్రం నిండు బరువుతో వలలాగేటప్పుడు వేడెక్కుతూనే ఉంది. చివరికి పంపు నుంచి వెళ్లే హోసు ఊడదీసి చూస్తే హీట్ ఎక్స్‌ఛేంజర్ మూతిలో పాత రెక్కల ముక్కలు నాలుగు గొట్టాలకు అడ్డంగా అతుక్కుని ఉన్నాయి. తీసిన ఇంపెల్లర్‌ను బల్ల మీద పెట్టి, పోయిన ముక్కలను దాని పక్కనే పేర్చి, రెక్కల లెక్క సరిపోయిందని కళ్లతో చూసుకోండి. సరిపోకపోతే పంపు తరువాతి హోసు, నూనె చల్లబరిచే కూలర్ ఉంటే దాని మూతి, ఆపై హీట్ ఎక్స్‌ఛేంజర్ మూతి వరుసగా వెతకండి.

కొత్తది వేసేటప్పుడు రెక్కలకు గ్లిజరిన్ గానీ, గిన్నెలు తోమే ద్రవ సబ్బు గానీ పూయండి. మామూలు గ్రీజు ఈ రబ్బరును ఉబ్బిస్తుంది. ఇరుసు తిరిగే దిశకు ఎదురుగా రెక్కలు వాలేలా తిప్పుతూ తోయండి, మూత కాగితపు ప్యాకింగు మందం పాతదాని మందమే ఉండాలి. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా వేట నిషేధం 61 రోజులు పడవ కట్టేసి ఉంటుంది గనుక, ఆ రోజులలో ఇంపెల్లర్‌ను తీసి నీడలో ఉంచితే ఒకేవైపు వంగి గడ్డకట్టదు. తీసి ఉంచినట్టు స్టార్టు మీట దగ్గర పెద్ద అక్షరాలతో రాసి కట్టాలి.

పంపు బెల్టుతో తిరిగేదైతే బెల్టు బిగువు చూడటం మరవకండి. ఇది నిమిషం పని.

నాలుగో మజిలీ: హీట్ ఎక్స్‌ఛేంజర్

ధార నిండుగానే ఉండి, బకెట్ లెక్క పాత లెక్కతో సరిపోయి, ఇంజన్ మాత్రం వేడెక్కుతుంటే, నీరు వస్తోంది గానీ వేడిని తీసుకుపోలేకపోతోందని అర్థం. ఒండ్రుపొర, ఉప్పుపెచ్చు గొట్టాల లోపల దుప్పటి కప్పినట్టు వేడిని ఆపేస్తాయి. రెండు చివరి మూతలు విప్పి, ఒక వైపు నుంచి టార్చి వేసి రెండో వైపు నుంచి చూస్తే ప్రతి గొట్టంలోనూ వెలుగు చుక్క కనిపించాలి. మెత్తటి బురద అయితే నీరు పోయే దిశకు ఎదురుగా మంచినీటి ధారతో కడగండి, ఆపై గొట్టం కంటే సన్నని చెక్కపుల్లతో గానీ ఇత్తడి ఊచతో గానీ మెల్లగా తోయండి. ఇనుప ఊచతో పొడిస్తే గొట్టం గోడ గీసుకుపోయి, కొన్నాళ్లకు అక్కడే చిల్లు పడుతుంది.

గట్టిగా పేరుకున్న పెచ్చుకు ఆమ్లం అవసరమవుతుంది. హీట్ ఎక్స్‌ఛేంజర్‌ను ఇంజన్ నుంచి విడదీసి, అందులోని జింకు కడ్డీ తీసేసి, ఈ పని కోసమే అమ్మే పెచ్చు తీసే ద్రావణంలో, డబ్బా మీద రాసినంత సేపే ఉంచండి. మరుగుదొడ్లు కడిగే ఘాటైన ఆమ్లం వాడవద్దు, అది పెచ్చుతో పాటు లోహాన్నీ, మూతలనూ తింటుంది. గాలి ఆడే ఆరుబయట, కళ్లద్దాలు, రబ్బరు తొడుగులు పెట్టుకుని చేయండి, దగ్గరలో బీడీ వెలిగించనివ్వకండి, బ్లీచింగు పౌడరును దగ్గరికే రానివ్వకండి. నురగ ఆగాక తినే సోడా కలిపిన నీటితో, తరువాత ఎక్కువ మంచినీటితో కడగండి.

జింకు కడ్డీ సగం తరిగిందంటే మార్చే సమయం వచ్చింది. అది తాను తరిగిపోతూ గొట్టాలను కాపాడటానికే ఉంది. విరిగిన జింకు ముక్కలు కూడా గొట్టాల మూతిలో పడి అడ్డు వస్తాయి కాబట్టి, కడ్డీ తీసినప్పుడు పొట్టిగా వస్తే ముక్క లోపల మిగిలిందేమో వెతకండి.

ఐదో మజిలీ: మోచేతి గొట్టం, హోసు, సైలెన్సర్

ఇంజన్ పాతబడిన కొద్దీ లోపం ఎక్కువగా దాక్కునే చోటు ఇది, ఎవరూ విప్పని చోటు కూడా ఇదే. పొగా, ఉప్పునీరూ కలిసే పోత ఇనుప మోచేతిలో ఒక పక్క మసి, ఇంకో పక్క తుప్పు పెరిగి దారి ఇరుకైపోతుంది. నీరు దారి ఇరుకైతే ఇంజన్ వేడెక్కుతుంది. పొగ దారి ఇరుకైతే పొగ వెనక్కి తన్నుకుని ఇంజన్‌కు ఊపిరాడదు, వేగం ఎక్కదు, నల్లపొగ వస్తుంది. రెండూ కలిసి కనిపిస్తే మోచేతిని విప్పకుండా వేరే పని మొదలుపెట్టవద్దు.

విప్పేముందు ఒక చిన్న పరీక్షతో లోపం ముందు భాగంలో ఉందా, వెనుక భాగంలో ఉందా తేల్చుకోవచ్చు. మోచేతిలోకి నీరు తెచ్చే హోసును ఊడదీసి బకెట్‌లో పెట్టి, ఇంజన్‌ను ఐడిల్‌లో పది, పదిహేను సెకన్లు మాత్రమే నడపండి. ఆ కొద్దిసేపు పొగలో నీరు ఉండదు కాబట్టి అంతకు మించితే వెనుక రబ్బరు హోసు కాలుతుంది. బకెట్‌లోకి నీరు బలంగా వచ్చి, హోసు తగిలించి ఉన్నప్పుడు పడవ వెనుక మాత్రం సన్నగా పడుతుంటే అడ్డు మోచేతిలోనే ఉంది. బకెట్‌లోకే నీరు సన్నగా వస్తే మోచేతికి ముందున్న మజిలీలలో ఏదో మిగిలిపోయింది, వెనక్కి వెళ్లండి.

మోచేతి విప్పాక రెండు దారులనూ విడివిడిగా చూసి, మసిని గీకి, తుప్పును కొట్టి తీయండి. గోడ పలుచబడి సుత్తి పిడితో తడితే బోలు చప్పుడు చేస్తుంటే మార్చడమే మేలు. లోపలి గోడకు చిల్లు పడితే ఆ ఉప్పునీరు వెనక్కి కారి ఆగి ఉన్న ఇంజన్ సిలిండర్లలోకే చేరుతుంది.

హోసు పైకి కొత్తదానిలా ఉన్నా లోపలి పొర ఊడి తలుపులా దారికి అడ్డు పడవచ్చు. ఒకసారి ఎండిన పొగతో కాలిన హోసును ఎప్పుడూ అనుమానించాలి. వేడిని తాకకుండా కొలిచే తుపాకీ థర్మామీటర్ ఉంటే మోచేతి తరువాత హోసు మీద పెట్టి చూడండి. సరిపడా నీరు కలిసిన హోసు చేయి ఆన్చగలిగే గోరువెచ్చదనంలోనే ఉంటుంది.

నీటిని ఎత్తి బయటికి పంపే రకం సైలెన్సర్ ఉన్న పడవలో ఇంకొక ప్రమాదం పొంచి ఉంటుంది. ఇంజన్ స్టార్ట్ కాక పదేపదే తిప్పుతుంటే పంపు ప్రతిసారీ నీటిని పంపుతూనే ఉంటుంది, కానీ దాన్ని బయటికి తోసే పొగ ఉండదు. సైలెన్సర్ నిండిపోయి నీరు వెనక్కి సిలిండర్లలోకి ఎక్కుతుంది. నీరు అణగదు కనుక పిస్టన్ ఆ నీటిని గుద్దినప్పుడు కనెక్టింగ్ రాడ్ వంగిపోతుంది. రెండు మూడుసార్లు తిప్పినా స్టార్ట్ కాకపోతే అడుగు వాల్వు మూసి, సైలెన్సర్ అడుగు మర విప్పి నీరు తీసేసి, అప్పుడు ప్రయత్నించండి. స్టార్ట్ అయిన మరుక్షణం వాల్వు తెరవాలి. మోచేతి నీటి మట్టానికి దిగువన ఉన్న పడవలలో నీటి హోసు ఒక వంపు తిరిగి పైకి వెళ్లి, ఆ వంపు కొనన గాలి పీల్చే చిన్న వాల్వు ఉంటుంది. ఉప్పు పట్టి అది మూసుకుపోతే ఆపిన తరువాత కూడా నీరు తనంతట తాను కారుతూ ఇంజన్‌ను నింపుతుంది. నెలకొకసారి దాన్ని విప్పి మంచినీటిలో కడగండి.

లోపలి నీరు, పొగ రంగు

బయటి నీటి దారి అంతా బాగుంటే, చల్లబడిన ఇంజన్ మూత తీసి లోపలి నీటి మట్టం చూడండి. నది నీటినో, బోరు నీటినో పోయకుండా కూలెంట్‌నూ, శుద్ధి చేసిన నీటినీ డబ్బా మీద చెప్పిన పాళ్లలో కలిపి పోయాలి. ఇంజన్ నడుస్తుండగా ట్యాంకులో ఆగకుండా బుడగలు లేస్తూ డీజిల్ పొగ వాసన వస్తే హెడ్ గాస్కెట్ (హెడ్డు కింది ప్యాకింగు) పోయి ఉండవచ్చు, అక్కడ ఆగి మెకానిక్‌ను పిలవండి. నూనె కొలబద్ద మీద పాలమీగడ లాంటి తెల్లటి నురగ కనిపించినా ఇంజన్ నడపవద్దు.

వేడిని బట్టి లోపలి నీటి దారిని తెరిచే థర్మోస్టాట్‌ను అనుమానిస్తే దాన్ని దారంతో వేలాడదీసి గిన్నెలో నీళ్లు కాచి, పక్కన థర్మామీటర్ ఉంచి, దాని మీద ముద్రించిన వేడి దగ్గర తెరుచుకుంటోందో లేదో చూడండి. తెరుచుకోకపోతే కొత్తది వేయండి, తీసేసి ఊరికే వదిలేయకండి. కొన్ని ఇంజన్లలో అది లేకపోతే నీరు చల్లబడే దారి వదిలి అడ్డదారిన తిరిగి వేడి ఇంకా పెరుగుతుంది.

తెల్లగా లేచి వెంటనే గాలిలో కలిసిపోయేది ఆవిరి, అది నీరు తగ్గిందని చెబుతుంది. చలి ఉదయాన లేచే పలుచని ఆవిరి మాత్రం మామూలే. తెల్లగా లేచి నీటి మీద వేలాడుతూ కళ్లు మండించేది కాలని డీజిల్. నీలిపొగ నూనె కాలుతోందని, నల్లపొగ గాలి చాలలేదనో బరువు ఎక్కువైందనో తెలుపుతుంది. పడవను తోసే ప్రొపెల్లర్‌కు వల తాడు చుట్టుకున్నా, పడవ అడుగున గుల్లలు పేరుకున్నా ఇంజన్ మీద బరువు పెరిగి నల్లపొగతో వేడెక్కుతుంది. అప్పుడు చల్లబరిచే దారిలో లోపం ఏమీ ఉండదు.

అడుగు గొట్టాలు, పొడి ఎగ్జాస్ట్ ఉన్న పడవలు

వీటిలో గొట్టాల బయటి వైపు శుభ్రంగా ఉండటమే ప్రాణం. గుల్లలు, మందపు రంగు, బురదపూత ఏదైనా వేడిని నీటిలోకి పోనివ్వవు. మొగ దగ్గర ఇసుక మేట మీద ఆనిన పడవ గొట్టాలు ఒండ్రులో కూరుకుపోతే ఇంజన్ నిమిషాలలో వేడెక్కుతుంది, కాబట్టి మేట మీద నుంచి బలవంతంగా ఇంజన్‌తో బయటపడాలని చూడకుండా పోటు కోసం ఆగండి. వరద రోజులలో మంచినీటిలో కట్టి ఉన్న పడవల మీది సముద్రపు గుల్లలు చచ్చిపోతాయి, అయితే పెంకులు అంటుకునే ఉంటాయి, గీకక తప్పదు.

పొడి పొగగొట్టం తాకలేనంతగా కాలుతుంది. చెక్క గోడ దాటే చోట దానికి చుట్టిన వేడి ఆపే పట్టీ ఊడి ఉందేమో, అతుకుల దగ్గర నల్లటి మసి గీతలు ఉన్నాయేమో ప్రతి వేటకు ముందు చూడండి. మసి గీత ఉన్నచోట పొగ కారుతోంది. ఆ పొగలోని కార్బన్ మోనాక్సైడ్‌కు రంగూ వాసనా లేవు. ఇంజన్ గది పక్కన నిద్రపోయే కళాసీలు తలనొప్పి, వికారం అంటే అలసట అనుకోక, వెంటనే గాలిలోకి తెచ్చి, ఇంజన్ ఆపి, పగులు వెతకండి.

బిగించిన తరువాత

మరమ్మతు అయిన రోజునే దూరం పోకండి. ముందు రేవులో ఇరవై నిమిషాలు నడిపి ప్రతి అతుకునూ పొడి గుడ్డతో తుడిచి తడి వస్తోందేమో చూడండి. తరువాత రేవు కనుచూపు మేరలో నిండు వేగంతో అరగంట తిరిగి, వచ్చాక బకెట్ పరీక్ష మళ్లీ చేసి, ఆ సంఖ్యను పాత పుస్తకంలో పాత సంఖ్య కింద రాయండి. ఒక కొత్త ఇంపెల్లర్, పంపు మూత ప్యాకింగులు రెండు, జల్లెడ రింగు, జింకు కడ్డీ, క్లిప్పులు, బెల్టు ఒక డబ్బాలో పెట్టి పడవలోనే ఉంచండి. రాత్రికి అడుగు వాల్వు మూసి వెళ్లేవారు ఇంజన్ కీని ఆ వాల్వు పిడికే తగిలించి వెళితే, తెల్లవారి స్టార్ట్ చేయబోయేవారు వాల్వు దగ్గరికి వెళ్లకుండా ఇంజన్ తిప్పలేరు.